రక్తానికి జవాబు ఎవరు చెప్పాలి?

పది ఆజ్ఞల్లో "ఇది మాత్రం నేను మీరలేదు" అని ఎవరైనా ధీమాగా చెప్పుకోగలిగేది నరహత్య కూడదన్న ఆజ్ఞ. విశ్రాంతి దినం, అబద్ధ సాక్ష్యం, పొరుగువాడి ఆస్తిమీద ఆశ అనేసరికి కాస్త తడబడతాం. హత్య అనగానే అది పోలీసుల వ్యవహారమని పక్కకు జరుగుతాం. ఈ ఆజ్ఞ లెక్కలోనే సంఘాల మధ్య తేడా ఉంది. కతోలికులకూ లూథరన్లకూ ఇది ఐదోది, సి.ఎస్.ఐ., బాప్టిస్టు సంఘాలవారికి ఆరోది. గుంటూరులో ఒకే వీధి పిల్లలిద్దరు దీన్ని రెండు అంకెలతో నేర్చుకోవచ్చు. అంకెలో తేడావల్ల వచ్చిన నష్టమేమీ లేదు. యుద్ధం, మరణశిక్ష, గర్భస్రావం, ఆత్మహత్య దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేడాలు చాలా లోతైనవి.

రెండు వేల ఏళ్ల ఈ చర్చ ఎక్కువగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఎప్పుడు చంపవచ్చు? దానికి సంఘాలు ఏనాడూ ఒక్క మాటమీద లేవు. ఆ ప్రశ్న పక్కనే మరొకటి నడుస్తూ వచ్చింది: ఒలికిన రక్తానికి ఎవరు జవాబు చెప్పాలి? ఈ రెండో ప్రశ్నను వదలనంత కాలం సంఘం ఆజ్ఞకు దగ్గరగా ఉంది. వదిలినప్పుడల్లా మినహాయింపు కాస్తా హక్కయి కూర్చుంది. ఇక్కడ వేర్వేరు కాలాల వాదాలను ఈ రెండో ప్రశ్నతోనే తూచి చూద్దాం.

ధర్మశాస్త్రంలో పిట్టగోడ

నిర్గమకాండం 20వ అధ్యాయంలో ఆజ్ఞ వస్తుంది. ఆ మరుసటి అధ్యాయంలోనే హంతకుడికి మరణశిక్ష వస్తుంది. కనుక ఇశ్రాయేలీయులు దీన్ని అన్ని రకాల చంపడానికీ వర్తించే నిషేధంగా తీసుకోలేదన్నది స్పష్టం. యుద్ధం, శిక్ష వారి చట్టంలో ఉన్నాయి. అయితే ఆ చట్టం అక్కడితో ఆగలేదు. కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి పిడినుంచి ఊడి పక్కవాడికి తగిలి చనిపోతే ఏం చేయాలి? అలాంటివాడు పారిపోయి తలదాచుకోవడానికి యొర్దానుకు ఇటు మూడు, అటు మూడు, మొత్తం ఆరు ఆశ్రయపురాలు ఏర్పాటయ్యాయి. ప్రధాన యాజకుడు మరణించేదాకా అతను ఆ ఊరు దాటకూడదు. బుద్ధిపూర్వకంగా చేయకపోయినా ప్రాణం పోయింది కాబట్టి బతుకు మునుపటిలా సాగదన్నమాట.

ఇంకా దగ్గరగా చూస్తే పొడిచే ఎద్దు సంగతి ఉంది. ఎద్దు పొడుస్తుందని ముందే హెచ్చరించినా కట్టేయని యజమాని, అది ఎవరినైనా చంపితే తన ప్రాణంతోనో పరిహారంతోనో బదులివ్వాలి. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలన్న నియమం ఉంది. ఎవరైనా జారిపడితే ఆ రక్తం ఇంటిమీదికి వస్తుందని కారణం కూడా చెప్పింది. కత్తి పట్టనివాడు, ఎవరిమీదా పగ లేనివాడు, నాలుగు వరసల రాళ్లు పేర్చడానికి బద్ధకించి రక్తదోషి కావచ్చు. అదే గ్రంథం 21వ అధ్యాయంలో హంతకుడెవరో తెలియని శవం పొలంలో దొరికితే ఏం చేయాలో ఉంది. పెద్దలు వచ్చి చుట్టుపక్కల ఊళ్లకు దూరం కొలవాలి. అన్నిటికన్నా దగ్గరి ఊరి పెద్దలు పారే వాగు దగ్గర పెయ్య మెడ విరిచి, చేతులు కడుక్కొని, ఆ రక్తాన్ని గురించి దేవుడి ముందు నిలబడాలి. దోషి దొరకలేదని కేసు మూసేయడం ఆ చట్టానికి తెలియదు.

యేసు కొండమీది ప్రసంగంలో ఈ ఆజ్ఞను కోపం దాకా, తిట్టు దాకా తీసుకెళ్లాడు. దీన్ని మనసు శుద్ధికి సంబంధించిన ఉపదేశంగా మాత్రమే చదవడం అలవాటైంది. కానీ ఆయన ఆ వెంటనే చెప్పింది చాలా ఆచరణీయమైన పని: బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి వెళ్లి, నీమీద ఫిర్యాదున్న సహోదరుడితో రాజీపడి రమ్మన్నాడు. ఆరాధనకన్నా ముందు జవాబు చెప్పడం ఉంది. యోహాను మొదటి పత్రిక సహోదరుణ్ని ద్వేషించేవాణ్ని నరహంతకుల లెక్కలో వేసింది. అపొస్తలుల కార్యములు స్తెఫనును రాళ్లతో కొట్టిన ఘటన చెబుతూ, ఒక్క రాయీ వేయని సౌలు కాళ్ల దగ్గర సాక్షులు తమ బట్టలు పెట్టారని గుర్తు పెట్టుకుని మరీ రాసింది. ఆ సౌలే తర్వాత పౌలయ్యాడు, ఆ బట్టల సంగతిని తన నోటితోనే ఒప్పుకున్నాడు.

కత్తి ఒరలో ఉన్న కాలం

తొలి మూడు శతాబ్దాల క్రైస్తవ రచయితలు ఈ విషయంలో దాదాపు ఒకే వైపు మొగ్గారు. దిదఖే అనే ప్రాచీన బోధ గ్రంథం గర్భస్రావాన్నీ, పుట్టిన శిశువును చంపడాన్నీ నిషేధించింది. పుట్టిన బిడ్డను బయట పారేయడం రోమన్ సమాజంలో మామూలైన రోజుల్లో అది సాహసమైన మాట. గెత్సేమనేలో పేతురును కత్తి దించమన్నప్పుడే క్రీస్తు ప్రతి సైనికుడి కత్తీ దించేశాడని తెర్తుల్లియన్ వాదించాడు. క్రైస్తవులు చక్రవర్తికి ప్రార్థనతో తోడు నిలుస్తారే గాని ఆయుధంతో కాదని ఓరిగెన్ రాశాడు. లక్టాన్షియస్ అయితే ఈ ఆజ్ఞకు ఎలాంటి మినహాయింపూ లేదని, మరణశిక్ష పడే నేరం ఒకరిమీద మోపడం కూడా తగదని అన్నాడు. 295లో ఉత్తర ఆఫ్రికాలోని తెవెస్తెలో మాక్సిమిలియన్ అనే ఇరవై ఒక్కేళ్ల యువకుడు, తాను క్రైస్తవుణ్ని గనుక సైన్యంలో చేరనని చెప్పి తల పోగొట్టుకున్నాడు.

ఇది పూర్తి చిత్రం కాదు. క్రైస్తవులు అప్పటికే సైన్యంలో ఉన్నారు. తెర్తుల్లియన్ అంత గట్టిగా మందలించాడంటేనే మందలించవలసినవాళ్లు ఉన్నారని అర్థం. వారి అభ్యంతరంలో రక్తంతోపాటు సైన్యంలోని విగ్రహారాధనకూ వాటా ఉంది. అయినా చంపడాన్ని సమర్థిస్తూ సిద్ధాంతం కట్టిన క్రైస్తవ రచయిత ఆ కాలంలో కనబడడు.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తర్వాత పరిస్థితి మారింది. రాజ్యం క్రైస్తవుల చేతికొచ్చాక రాజ్యం చేసే పనులన్నీ వారి పనులయ్యాయి. అగస్టీన్ దేవుని నగరం మొదటి భాగంలో రెండు మినహాయింపులు గుర్తించాడు: దేవుడు నేరుగా ఆజ్ఞాపించిన సందర్భం, చట్టం ప్రకారం అధికారి చేసేది. అయితే ఆయన వ్యక్తిగత ఆత్మరక్షణ కోసం చంపడాన్ని ఒప్పుకోలేదు. తన ప్రాంత గురువును చంపిన దొనాటిస్టు అనే చీలిక వర్గంవారికి మరణశిక్ష వేయవద్దని అధికారికి ఉత్తరం రాశాడు. అంటే మినహాయింపు ఇచ్చిన చేతితోనే దాన్ని బిగించాడు.

ఆ కాలపు రెండు ఘటనలు ఇక్కడ ముఖ్యం. 390లో థెస్సలోనికలో ఒక సేనాధిపతిని జనం చంపినందుకు థియోడోసియస్ చక్రవర్తి సైన్యం క్రీడాంగణంలో జనాన్ని ఊచకోత కోసింది. మృతులు ఏడు వేలని ఒక ప్రాచీన చరిత్రకారుడి లెక్క. మిలాన్ బిషప్ అంబ్రోస్ చక్రవర్తికి సంస్కారం ఇవ్వనన్నాడు. థియోడోసియస్ బహిరంగంగా పశ్చాత్తాపపడిన తర్వాతే మళ్లీ బల్ల దగ్గరికి రానిచ్చాడు. రెండోది తూర్పున కైసరయ బిషప్ బసిల్ సలహా. న్యాయమైన యుద్ధంలో చంపినవాణ్ని హంతకుడని అనలేదాయన. కానీ అతని చేతులు శుభ్రంగా లేవు గనుక మూడేళ్లు సంస్కారానికి దూరంగా ఉండడం మంచిదన్నాడు. ఈ చర్చ మొత్తంలో నాకు అతి విలువైన మాట ఇదే. అవసరమని ఒప్పుకోవడం వేరు, అవసరం గనుక మరకే లేదనుకోవడం వేరు.

ముప్పై ఏళ్లలో మారిన లెక్క

ఆ మరక ఎప్పుడు చెరిగిపోయిందో చెప్పడానికి రెండు తేదీలు చాలు. 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో నార్మన్లు గెలిచారు. పోప్ ఆశీస్సులు ఉన్నాయని వాళ్లు చెప్పుకున్న యుద్ధమది. అయినా ఆ తర్వాత నార్మన్ బిషప్పులు, పోప్ ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ ఆమోదంతో గెలిచిన సైనికులకు ప్రాయశ్చిత్తం విధించారు. తాను చంపానని తెలిసిన ప్రతి మనిషికీ ఒక సంవత్సరం. గాయపడినవాడు చనిపోయాడో లేదో తెలియకపోతే మనిషికి నలభై రోజులు. తమ బాణానికి ఎందరు చచ్చారో తెలియని విలుకాళ్లకు మూడు లెంట్ కాలాల ప్రాయశ్చిత్తం. విజేతలను కూర్చోబెట్టి శవాలు లెక్కపెట్టించిన సంఘం అది.

1095లో క్లెర్మాంట్ సభలో రెండో ఉర్బన్ పోప్, యెరూషలేము విడిపించడానికి భక్తితో వెళ్లేవారికి ఆ ప్రయాణమే ప్రాయశ్చిత్తం కింద చెల్లుతుందని ప్రకటించాడు. ముప్పై ఏళ్లు తిరక్కుండానే లెక్క తలకిందులైంది. యుద్ధానికి ప్రాయశ్చిత్తం చేసుకోవలసిన చోట యుద్ధమే ప్రాయశ్చిత్తమైంది. ఆ మరుసటి ఏడు రైన్ నదీ తీర పట్టణాల్లో యూదులను చంపారు. 1099 జూలైలో యెరూషలేములో నరమేధం జరిగింది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ న్యాయమైన యుద్ధానికి తగిన అధికారం, తగిన కారణం, మంచి ఉద్దేశం అని మూడు షరతులు పెట్టాడు. ప్రాణరక్షణలో ఎదుటివాడి చావు ఉద్దేశం కాకపోతే దోషం లేదన్నాడు. ఈ షరతులు నేటి అంతర్జాతీయ న్యాయ చర్చకూ పునాది అయ్యాయి. కానీ షరతులన్నీ యుద్ధానికి ముందు అడిగేవే. తర్వాత అడగవలసినవి హేస్టింగ్స్ ప్రాయశ్చిత్తంతోనే చాలావరకు ఆగిపోయాయి.

సంస్కరణల యుగం ఈ పరంపరను రెండు దారుల్లో కుదిపింది. మొదటి దారి పూర్తి నిరాకరణ. 1527 ష్లైట్‌హైమ్ ఒప్పుకోలులో అనాబాప్టిస్టులు కత్తి క్రీస్తు సంపూర్ణతకు బయటిదని ప్రకటించారు. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ దగ్గర దిర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు చెరనుంచి తప్పించుకుని గడ్డకట్టిన నీటిమీదుగా పారిపోతుంటే, తరుముతున్నవాడి కింద మంచు విరిగింది. దిర్క్ వెనక్కి తిరిగి అతణ్ని పైకి లాగాడు, అలాగే దొరికిపోయాడు, అతణ్ని సజీవంగా కాల్చారు. ఆ పరంపరనుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం మహబూబ్‌నగర్ కేంద్రంగా తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఉంది. తమ పూర్వులు ఎందుకు కత్తి పట్టలేదో ఆ సంఘాల్లో ఎంతమంది చెప్పుకుంటారన్నది వేరే ప్రశ్న.

రెండో దారి ఆజ్ఞను వెడల్పు చేయడం. ఆకలితో ఉన్నవాడికి పెట్టగలిగీ పెట్టకపోతే వాణ్ని ఆకలితో చంపినట్టేనని లూథర్ తన పెద్ద ప్రశ్నోత్తరిలో వాదించాడు. 1563 హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి అసూయ, ద్వేషం, పగలను హత్యకు వేళ్లుగా చూపింది. 1640లలో వెస్ట్‌మిన్‌స్టర్ పెద్ద ప్రశ్నోత్తరి ఇంకా ముందుకెళ్లి తిండి, మందు, నిద్ర, పని, విశ్రాంతి కూడా ఈ ఆజ్ఞ కిందికే తెచ్చింది. ఒళ్లు అరిగేలా పని చేయించడమూ దీన్ని మీరడమే. సిద్ధాంతం ఇంత విశాలమైన కాలంలోనే చేతలు ఇరుకయ్యాయి. 1553 అక్టోబరు 27న సంస్కర్త కాల్విన్ ఉన్న జెనీవాలో సెర్వేటస్ అనే వేదాంతిని త్రిత్వాన్ని ఒప్పుకోనందుకు కాల్చారు. మనిషిని చంపితే సిద్ధాంతం నిలబడదని, మనిషి మాత్రం చస్తాడని కాస్టెల్లియో ఎదురు వాదించాడు. 1903లో కాల్విన్ అనుచరులే ఆ చోట పశ్చాత్తాప శిల నిలిపారు. జవాబు రావడానికి 350 ఏళ్లు పట్టింది.

ఉరికొయ్య, అణుబాంబు

ఇటీవలి చర్చలో అన్నిటికన్నా ఎక్కువగా మారింది మరణశిక్ష మీది వైఖరి. పోపుల రాజ్యంలో 1796నుంచి 1864దాకా తలారిగా పనిచేసిన బుగట్టి 516 మందికి శిక్ష అమలు చేశాడు. వాటికన్ చట్టంలో మరణశిక్ష 1969దాకా ఉంది. రెండో జాన్ పాల్ 1995లో దాని అవసరం దాదాపు లేదన్నారు. ఫ్రాన్సిస్ పోప్ 2018 ఆగస్టులో కతోలిక సత్యోపదేశాన్నే సవరించి అది ఎట్టిపరిస్థితుల్లోనూ ఒప్పుకోదగినది కాదని చేర్పించారు. మరోవైపు అమెరికాలో దక్షిణ బాప్టిస్టుల సమాఖ్య 2000లో మరణశిక్షను సమర్థిస్తూ తీర్మానం చేసింది. రోమా పత్రిక 13వ అధ్యాయంలో అధికారి చేతి ఖడ్గం ఒకరికి ఆధారం, అంతకుముందు అధ్యాయంలో పగ తీర్చుకోవద్దన్న మాట మరొకరికి ఆధారం.

మన దేశంలో ఈ వాదానికి ఒక ముఖం ఉంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన ఇద్దరు చిన్న కొడుకులనూ జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పి, బారిపదలో కుష్ఠు రోగుల సేవ కొన్నేళ్లు కొనసాగించారు. 2003లో ప్రధాన దోషికి పడిన మరణశిక్షను 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. క్షమ, శిక్ష రెండూ ఒకే కేసులో పక్కపక్కన ఉండగలవని, వాటికోసం ఇంకో ప్రాణం తీయనక్కర్లేదని ఆ కేసు చూపింది.

యుద్ధం విషయంలో ఆగస్టు 9 అనే తేదీ చాలా చెబుతుంది. 1943లో అదే రోజున, హిట్లర్ యుద్ధంలో పోరాడనన్న ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యాగర్‌స్టాటర్ తల తీశారు. 1945లో అదే రోజున నాగసాకిలో కతోలికులు ఎక్కువగా ఉండే ఉరకామి పేట మీద అణుబాంబు పేలింది. ఆ బాంబు వేసిన విమానాల స్థావరంలో కతోలిక గురువుగా పనిచేసిన జార్జ్ జబెల్కా తర్వాతి కాలంలో తన మౌనాన్ని పాపంగా ఒప్పుకుని శాంతి బోధకుడయ్యాడు. జర్మనీలో హిట్లర్‌పై కుట్రలో పాలుపంచుకున్న వేదాంతి బాన్‌హోఫర్‌ది మరో దారి. ఆయన ఆ పనిని పుణ్యమనలేదు, దోషాన్ని నెత్తిన వేసుకునే పని అన్నాడు. గొప్ప కథగా చెప్పుకునే డెస్మండ్ డాస్, ఆయుధం ముట్టకుండానే 1945లో ఒకినావా కొండమీదనుంచి దాదాపు 75 మంది క్షతగాత్రులను దించాడు. వీరి తీర్పులు వేర్వేరు, కానీ నలుగురిలో ఎవరూ రక్తంతో తమకు సంబంధం లేదని అనలేదు.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష రువాండాది. 1994లో వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని చంపిన ఆ దేశంలో అత్యధికులు క్రైస్తవులు. న్యాంగే చర్చిలో తలదాచుకున్న దాదాపు 1,500 మందిమీద చర్చిని బుల్డోజరుతో కూలగొట్టించిన కేసులో ఆ చర్చి గురువుకే రువాండా కోసం ఏర్పాటైన అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ 2008లో యావజ్జీవం వేసింది. ఆ జనం పది ఆజ్ఞలు బడిలోనే నేర్చుకున్నారు. ఆజ్ఞ తెలియకపోవడం అక్కడి సమస్య కాదు. పొరుగువాడు మనిషి కాదని ముందే నమ్మించారు, ఆ తర్వాత ఆజ్ఞ అడ్డు రాలేదు. 2017లో ఫ్రాన్సిస్ పోప్ సంఘం తరఫున దేవుణ్ని క్షమాపణ అడిగారు.

పుట్టుకకు ముందు, చావు అంచున

గర్భస్రావం మీద కతోలిక, ఆర్థడాక్స్ వైఖరి దిదఖే కాలంనుంచి మారలేదు. ప్రొటెస్టెంట్లలో తల్లి ప్రాణం, అత్యాచారం వంటి సందర్భాలకు చోటిచ్చేవారు చాలామంది ఉన్నారు. భారతదేశంలో 1971 చట్టానికి 2021లో చేసిన సవరణ కొన్ని పరిస్థితుల్లో 24 వారాలదాకా అనుమతించింది. అయితే ఆడపిల్లని తెలిసి కడుపులోనే తీసేయించడం మీద, లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ఉన్నా, మన ప్రసంగ వేదికలు అంత గట్టిగా మాట్లాడవు. వైద్యం ఆపడం గురించి 12వ పయస్ పోప్ 1957లోనే అసాధారణ చికిత్సలు తప్పనిసరి కాదని చెప్పారు. చావనివ్వడానికీ చంపడానికీ మధ్య ఆ గీత ఇప్పటికీ ఎక్కువ సంఘాలకు ఆధారం.

ఆత్మహత్య దగ్గర సంఘం నేర్చుకున్న పాఠం ఎక్కువ. అగస్టీన్ దాన్ని ఈ ఆజ్ఞ కిందికి తెచ్చాక శతాబ్దాలపాటు అలా చనిపోయినవారికి సంఘ సమాధి దొరకలేదు. 1917 కతోలిక చట్టంలో ఉన్న ఆ నిషేధం 1983 చట్టంలో లేదు. 2017 భారత మానసిక ఆరోగ్య చట్టం కూడా ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించమంది. ప్రశ్న ఇప్పుడు చనిపోయినవాడిమీదనుంచి చుట్టూ ఉన్నవారిమీదికి జరిగింది. అప్పుతో నలిగిన కౌలురైతు, ఇంటర్ ఫలితాల రోజున తలుపేసుకున్న పిల్ల చనిపోతే సమాధి స్థలం గురించి తర్కించడం కన్నా, ఆ ఇంటికి ముందే ఎవరు వెళ్లి ఉండాల్సిందన్నది ఆజ్ఞ అడిగే ప్రశ్న.

మన ఊళ్ల దాకా

తెలుగు నేలమీద ఈ ఆజ్ఞను ఎవరైనా చేతితో పాటించి చూపారంటే ధాత కరువు రోజుల్లో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు చెప్పాలి. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించారు. తిండికోసం మతం మారారన్న మాట రాకుండా కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపారు. లూథర్ పుస్తకంలో రాసింది ఒంగోలు మట్టిలో పారతో కనిపించింది.

దానికి ఎదురుగా చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఆ తీర్పు ప్రకారం ఎనిమిది శవాలు ఉన్నాయి, రుజువైన హంతకుడు లేడు. ద్వితీయోపదేశకాండం చెప్పిన శవం ఇలాంటిదే. దూరం కొలిచే పెద్దలు ఎవరు? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత క్రైస్తవ యువకుణ్ని, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికారు. మామే సుపారీ ఇచ్చాడన్నది అభియోగం, తీర్పు రాకముందే ఆయన చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు నరికినవాడికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. హతుడు మనవాడు కాబట్టి మనం బాధితుల వైపే ఉన్నామనుకోవడం సులువు. క్రైస్తవ పెళ్లి ప్రకటనల్లో కులం అడిగే వరుస ఇంకా పోలేదు. ఊరి శ్మశానంలో కులాలను వేరుచేసే గోడ కూడా పోలేదు. పరువు పేరిట చేసే హత్య మొదలయ్యేది ఆ వరుసలోనే.

పిట్టగోడ నియమం కూడా ఇక్కడే పనికొస్తుంది. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ఉన్నా మనుషులు సెప్టిక్ ట్యాంకుల్లో దిగి ఊపిరాడక చనిపోతూనే ఉన్నారు. 2023లో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. అపార్ట్‌మెంటు కమిటీలో కూర్చుని తక్కువ రేటుకు మనిషిని దింపమని సంతకం పెట్టే విశ్వాసి ఆదివారం పాపపు ఒప్పుకోలులో ఈ ఆజ్ఞ దగ్గర ఆగుతున్నాడా?

ఈ సమీక్ష అన్ని వాదాల్లో ఒకదాన్ని గెలిపించదు. శాంతివాదులు బలహీనులను ఎలా కాపాడతారో ఇంకా పూర్తిగా చెప్పలేదు. న్యాయ యుద్ధ వాదులు తమ షరతులతో ఆగిన యుద్ధం ఏదో చూపలేకపోయారు. అయినా ఒక కొలబద్ద మిగిలింది. ఏ మినహాయింపు వాదం విన్నా, అది రక్తం ఒలికిన తర్వాత ఎవరితో ఏం చేయిస్తుందో అడగాలి. బసిల్‌లా మూడేళ్లు పక్కన నిలబెట్టేదైతే వినవచ్చు, క్లెర్మాంట్‌లా దండ వేసేదైతే తిరస్కరించాలి. సంఘాలు చేయగలిగిన పని కూడా ఇంతే స్పష్టం. నరహత్య ఆజ్ఞ చదివే ఆదివారాన ఉరిశిక్షతోపాటు ట్యాంకులో దిగినవాడి గురించి, అప్పులో మునిగినవాడి గురించి, కులం దాటి పెళ్లాడినవారి గురించి పేరు పెట్టి మాట్లాడాలి. తమ పేటలో అలా పోయిన ప్రాణానికి పెద్దలు లేచి జవాబు చెప్పే పద్ధతి పెట్టుకోవాలి. ఈ ఆజ్ఞను మీరలేదన్న ధీమా అప్పుడు ఎవరికీ మిగలదు. ఆజ్ఞను పాటించడం అక్కడినుంచే మొదలవుతుంది.